మూలకింత పసుపు

గంటసేపు అన్నాడు డాక్టరు. ముప్పై ఏళ్ళు బడిలో పిరియడ్లు లెక్కపెట్టి బతికినదాన్ని, గంట అంటే ఎంతో నాకు ఒకరు చెప్పాలా, కానీ ఈ వరండాలో ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాక అది ఎక్కడ మొదలైందో ఎటు పోతోందో తెలియడం లేదు. "ఆక్సిజన్ తీసేసి ఒక గంట చూద్దామండి టీచర్‌గారూ, మధ్యలో కాస్త నడిపిస్తాం కూడా, అంకె తొంభై రెండుకు దిగకపోతే అమ్మగారిని మీతో ఇంటికి పంపేస్తాను, దిగితే మాత్రం పెద్దాసుపత్రికి పంపక తప్పదండి, అంబులెన్సుకు చెప్పి ఉంచాను" అన్నాడు ప్రజ్వల్. గోదావరి జిల్లా కుర్రాడు, అడాజన్‌లో కాపురం, తన ఆసుపత్రి డ్యూటీ అయ్యాక తాపీ నది దాటి మా నవాగామ్‌కు వచ్చి ఊరికే వైద్యం చేస్తున్నాడు, అతన్ని ఏమీ అనడానికి లేదు. పెద్దాసుపత్రి అంటే ఏమిటో ఈ రెండు నెలల్లో ఇక్కడ అందరికీ తెలిసింది. అంబులెన్సు తలుపు వేసేదాకే మన మనిషి, ఆ తర్వాత ఫోనులో ఎవరో చెప్పే మాటే మన మనిషి. మా అమ్మ ఎల్లవ్వ, ఎనభై దాటిన మనిషి, యాభై ఏళ్ళుగా సూరత్‌లో ఉండి గుజరాతీ రానట్టు నటించే మనిషి, అక్కడ ఎవరిని తిడుతుంది? తిడితే అర్థమయ్యేవాళ్ళు పక్కన లేకపోతే మా అమ్మ సగం పోయినట్టే. తప్పు, అనకూడని మాట. పైకి అనలేదు కదా, లెక్కలోకి రాదులే.

ఇదే వరండాలో పెళ్ళిళ్ళప్పుడు చెప్పులు గుట్టలుగా పడి ఉండేవి. పెళ్ళిళ్ళు చేసే హాలును ఇక్కడ వాడీ అంటారు, ఇది మా పద్మశాలీల వాడీ, చందాలు వేసుకుని కట్టుకున్నది, మా చెల్లెలి కూతురి పెళ్ళి ఇక్కడే చేశాం, పప్పులో ఉప్పెక్కువైందని మగపెళ్ళివాళ్ళు అలిగింది కూడా ఇక్కడే, అదిగో ఆ రెండో కిటికీ దగ్గర. ఇప్పుడు బంతి కూర్చునే వరసల్లోనే మంచాలు వేశారు. పెళ్ళికొడుకు కూర్చునే వేదిక మీద ఆక్సిజన్ సిలిండర్లు నిలబెట్టారు, వాటి వెనక గోడ మీద మా కులదైవం మార్కండేయస్వామి పటం. యముడు పాశం వేసినా పట్టు వదలని పిల్లవాడు ఆయన, అందుకే పటం తీయొద్దని వాడీ పెద్ద, మా సోమలింగం పట్టుబట్టాడు. సిలిండర్లు మోసుకొచ్చే బండి ఏమిటనుకున్నారు, మగ్గాలకు పడుగు చుట్టిన బీములు మోసే బండే. కార్ఖానాలు సగం మూతపడ్డాయి, బీములు లేవు, బండ్లు ఖాళీ, చేతులు ఖాళీ, ఇంకేం, మావాళ్ళు ఆ బండి మీద సిలిండర్లు పడుకోబెట్టి తాడు కట్టి, నూలు తెగకుండా తోసే అలవాటు కదా, ఒక్క కుదుపు లేకుండా తోసుకొస్తున్నారు. లోపల మావాళ్ళే కాదు, పక్క గల్లీ ఒడియావాళ్ళు, మరాఠీవాళ్ళు, యూపీవాళ్ళు, మగ్గం చప్పుడు ఎరిగిన ప్రతి జాతీ ఉంది. కరోనాతో యుద్ధం, యుద్ధం అంటున్నారు టీవీలో. నాకు మాత్రం ఆ మాట వినగానే నవ్వొస్తుంది, ఎందుకంటే నేను చూసిన ఒకే ఒక్క యుద్ధంలో మా అమ్మ పసుపుతో పోరాడింది.

ఇంకా ఎంతసేపు. గోడ గడియారం లోపల ఉంది, తలుపుకు పరదా ఉంది, పరదాకు నకిలీ జరీ పువ్వులున్నాయి, అదీ పెళ్ళి పరదాయే. వాచీ చూడొద్దని పందెం వేసుకుని చేతిని కొంగులో చుట్టుకున్నాను. నెల కిందట ఇదే వరండాలో మేమంతా కూర్చుని దుప్పట్లు కుట్టాం. ఎవరో కోరా బట్ట ఇచ్చారు, ఇంటింటి నుంచి కుట్టుమిషన్లు మోసుకొచ్చారు, ఒకటే టకటక, మళ్ళీ బతుకమ్మ పండుగ వచ్చినట్టు ఒకటే నవ్వులు, మాస్కుల వెనక ఎవరు నవ్వుతున్నారో తెలియక ఇంకా నవ్వు. అమ్మ అప్పటికి బాగానే ఉంది, కుర్చీ వేయించుకుని సూపర్‌వైజర్లా కూర్చుంది. మొదటి కట్ట మడతపెట్టగానే చూసింది. "ఏంది బిడ్డా, గిట్ల ఒట్టిగనే పంపుతవా? మూలకు పసుపేది?" అంది. పెట్టకూడదమ్మా, రోగులకు వేసేవి, ఉడకబెట్టి ఉతికి శుభ్రంగా ఇవ్వాలని డాక్టరుగారు చెప్పారు అన్నాను. "డాకటరు చెప్పిండా. కొత్త బట్ట పసుపు పెట్టకుంట మనిషి పెయి మీద ఎయ్యద్దు. ఒట్టి తెల్లబట్ట పీనుగు మీదికే." అందరూ కుట్టడం ఆపి నన్ను చూశారు. అమ్మా, డెబ్బయ్యొకటిలో ఏమైందో మర్చిపోయావా అన్నాను. ఆ మాటతో అమ్మ మూతి ముడుచుకుంది, ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. నాన్న పోయాక తను పసుపు రాసుకోవడం మానేసిందేగానీ బట్టకు పెట్టడం మానలేదు. చదువుకున్న బిడ్డ నోరు మూయించింది. చదువుకున్న బిడ్డ గెలిచింది. ఆ తర్వాత వారానికే దగ్గు, జ్వరం, అంకె దిగడం, ఆ గెలిచిన దుప్పటి మీదే అమ్మను పడుకోబెట్టడం. పీనుగు మీదికే. ఆ మాట మరి నా చెవిలోంచి పోదు. సైన్సు చెప్పిన టీచరును, మంత్రాలకు చింతకాయలు రాలవని పిల్లలకు బోధించినదాన్ని, ఆ తెల్లటి దుప్పటి కనపడితే చూపు తిప్పేసుకుంటున్నాను, ఎవరికీ చెప్పుకోలేను.

నాకప్పుడు పదేళ్ళు. సలాబత్‌పురాలో ఒక చాలీ, చాలీ అంటే వరసగా గదులు, ప్రతి గదిలోనూ కరీంనగర్ నుంచో సిరిసిల్ల నుంచో వచ్చిన మనవాళ్ళే. డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధం మొదలైంది. కిటికీలకు నల్ల కాగితాలు అతికించారు, కారు లైట్లకు సగం నలుపు పూశారు, పొద్దు గూకిందంటే దీపం కనపడకూడదు. సోమలింగానికి అప్పుడు మీసాలు కొత్తగా వస్తున్నాయి, చేతికి ఎర్ర పట్టీ కట్టి మెడలో ఈల వేసి చాలీకి కాపలా పెట్టారు, ఇక చూడాలి అతని వైభవం. బీడీ వెలిగినా ఈల, పిల్లి కళ్ళు మెరిసినా ఈల. మా సేఠ్ కార్ఖానాలో చీరల మగ్గాలు ఆపేసి నూలు ఎక్కించారు, సైనికుల గాయాలకు కట్టే గాజుగుడ్డ నేయాలట. నాన్న ఆ బట్టను వెలుగుకు పట్టి చూసి "గిది బట్టనా, దోమతెరనా" అని నవ్వాడు గానీ, చిన్న లోపం పడితే విప్పి మళ్ళీ నేశాడు. తానులు మడతపెట్టే పని ఆడవాళ్ళు కూలి తీసుకోకుండా చేస్తామన్నారు. దేశానికి మనం ఇచ్చేది ఇదే అని మా అమ్మే అంది, అమ్మకు దేశమంటే సూరత్ స్టేషను నుంచి వరంగల్ స్టేషను దాకా, అంతే. గది గదిలో గుట్టలుగా తెల్లటి తానులు. పొద్దున లారీ వస్తుందనగా అమ్మకు గుర్తొచ్చింది, అయ్యో, పిల్లగాండ్ల పెయి మీదికి పోయే కొత్త బట్ట, పసుపు పెట్టలేదే.

పెట్టారు. చాలీలోని ఆడవాళ్ళంతా, నాలాంటి పిల్లలం కూడా, గిన్నెల్లో పసుపు కలుపుకుని తానుకొక బొట్టు, ఎవరి కొడుకో చల్లగుండాలి అని ఒక మాట, మళ్ళీ బొట్టు. చీర మీదైతే మూలన ఒక మరక, అక్కడితో సరి. గాజుగుడ్డకు పలచన ఎక్కువ, పై మడత మీద పెట్టిన బొట్టు అడుగు మడత దాకా చక్కగా దిగింది. పొద్దున సేఠ్ వచ్చి తాను విప్పాడు, మడత మడతకీ పసుపు పువ్వు పూసి ఉంది. "ఆ శూ కర్యూ?" అని, ఇదేం పని చేశారని తల మీద చేతులు పెట్టుకున్నాడు పాపం. అమ్మ తన వచ్చీరాని హిందీలో "సేఠ్, తుమ్హారే ఘర్ మే బచ్చాకు నయా కమీజ్ ఐసాచ్ పెహనాతే?" అని అడిగింది, మీ ఇంట్లో పిల్లవాడికి కొత్త చొక్కా ఇలా ఒట్టిగానే తొడుగుతారా అని. ఆయనకు కోపం రావాలో ఏడవాలో తెలియలేదు, రేపటికల్లా తెల్లగా చేసివ్వండి, లారీని నేను ఆపుకుంటానన్నాడు. ఇక పంపు దగ్గర యుద్ధం. సోడా, సబ్బు, బకెట్లు, మోకాళ్ళ దాకా నురగ. పసుపూ సున్నం కలిస్తే పారాణి అవుతుందని పెళ్ళికూతుళ్ళ కాళ్ళకు పూసిన చేతులే అవన్నీ, కానీ సబ్బూ సోడా ఆ సున్నానికి చుట్టాలేనని ఒక్కరికీ తట్టలేదు. పసుపు మరకలన్నీ ఎర్రగా మారాయి. నెత్తుటి ఎరుపు. యుద్ధానికి పోకముందే కట్టుగుడ్డలకు నెత్తురు అంటినట్టుంది చూడ్డానికి. ఎవరో ముసలమ్మ ఏడుపు అందుకుంది. అప్పుడు మా అమ్మ చీర ఎగ్గట్టి అంది, "ఏడ్పు బంద్ చెయ్యిండ్రి. పసుపును ఎండ తింటది. మీదికెక్కియ్యుండ్రి."

ఆ పగలంత సంతోషంగా గడిచిన పగళ్ళు నా జీవితంలో ఎన్నో లేవు. చాలీ కప్పుల మీద, ఎదురు మేడల మీద, ఈ డాబాకూ ఆ డాబాకూ కట్టిన తాళ్ళ మీద, ఎక్కడ చూసినా తెల్లటి గాజుగుడ్డ గాలికి ఊగుతోంది, మేం పిల్లలం దాని కింద గుడారాల్లోలా దూరి పరుగెత్తుతున్నాం, గుజరాతీ ఆంటీలు తమ డాబాలు కూడా ఇచ్చి పైగా గిన్నెడు లోచో పంపారు, సెనగపిండి ముద్ద మీద సేవ్ చల్లి, నూనె పోసి, అబ్బ, ఇప్పటికీ ఆ రుచి నాలుక మీద ఉంది. అమ్మ "గిదేం తిండి, అటు ముద్ద గాదు ఇటు జావ గాదు" అంటూ రెండోసారి పెట్టించుకుంది. సరిగ్గా అప్పుడే కింద నుంచి ఈల. సోమలింగం గొంతు చించుకుంటున్నాడు, దించుండ్రి, మీదికెల్లి విమానాలకు కనవడ్తది అని. మట్టమధ్యాహ్నం. మా అమ్మ పిట్టగోడ మీంచి వంగి ఒక్క మాట అంది, "ముందుగాల సూర్యునికి నల్ల కాయితం అతికించి రాపో సోమలింగం, తర్వాత నా బట్ట దించుత." చాలీకి చాలీ, ఎదురు మేడ, ఆ పక్క మేడ, అర్థం కాని గుజరాతీ ఆంటీలు కూడా నవ్వారు. మర్నాటికి మరకలు మాయం. లారీ ఎక్కించేటప్పుడు సేఠ్ అమ్మను పిలిచి, బట్టకు వద్దు తల్లీ, కావాలంటే లారీకి పెట్టు అన్నాడు. అమ్మ లారీ ముఖానికి మూరెడు పసుపు పూసి కుంకుమ దిద్దింది. లారీ పెళ్ళికూతురిలా వెళ్ళింది. ఆ తర్వాత కొద్ది రోజులకే యుద్ధం అయిపోయింది, మన పసుపు వల్లేనని అమ్మ ఇప్పటికీ అంటుంది, వద్దని చెప్పడానికి నేనెవర్ని.

ఇప్పటికీ అంటుంది. నిన్న అన్నదా? నిన్న మాట ఎక్కడ, రెండు ముక్కలు మాట్లాడితే ఊపిరి. పరదా పక్కకు తీసి దూరం నుంచి చూపించారు. మూతి మీద మాస్కు, కళ్ళు మాత్రం చురుగ్గా, "బిడ్డా... తిన్న... వా" అంది, ఆ తిన్నావా అన్న మాటను మధ్యలో తెంపి ఊపిరి పీల్చి కలిపింది. జీవితమంతా ఒక్క వాక్యాన్నీ మధ్యలో ఆపని మనిషి. ఎదుటివాళ్ళకు సందు దొరకనివ్వని మనిషి. లోపల ఎవరో దగ్గుతున్నారు. అమ్మ దగ్గు కాదు, అమ్మ దగ్గు నాకు తెలుసు.

"టీచర్." ఉలిక్కిపడ్డాను. సంధ్యారాణి. నా దగ్గర మూడో తరగతి చదివింది, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, ఇక్కడ ఉతుకుడు పని మొత్తం తనదే, చేతిలో తడి దుప్పట్ల బకెట్టు, ముఖం పాలిపోయి ఉంది. "టీచర్, జర దేఖోనా గిది. ఉతికినంక చూస్తే ఖూన్ లెక్క ఉంది. నాకు బహుత్ డర్ అయితుంది. డాక్టర్ సాబ్‌కు ఇంకా చెప్పలే." దుప్పటి ఎత్తి పట్టుకుంది. ఎర్రటి మరక. ఎవరు నెత్తురు కక్కుతున్నారు, నాకు చెప్పకుండా ఎవరు, ఇది ఎవరి మంచం మీదిది అంటే, "కిస్కా నై, సబ్‌కా" అంది, అందరిదీ టీచర్, ఇదీ, ఇదీ, అన్నింటికీ ఉంది. ఒక్కొక్కటే తీసి చూపించింది. అన్నింటికీ ఒకే చోట. మూలన. వేలి ముద్రంత. నేను ఏటేటా ఏడో తరగతికి పసుపు కాగితం మీద సబ్బు నీళ్ళు చుక్క వేసి చూపించేదాన్ని కదా, చూడండి పిల్లలూ, ఏ రంగు వచ్చింది. ఎర్ర రంగు టీచర్. ఎందుకొచ్చింది. ఎందుకంటే మా అమ్మ పాలల్లో కలుపుకుంటానని సంచిలో పసుపు డబ్బా పెట్టించుకుంది టీచర్. కషాయాలూ హల్దీ దూధ్‌లూ ఊరంతా తాగుతుంటే, మంచిదే కదా అని నా చేత్తో నేనే పెట్టి పంపాను. పాలల్లో కలుపుకుందా ముసల్ది?

నవ్వు మొదలైంది. మాస్కులో నవ్వితే కళ్ళద్దాలకు ఆవిరి పట్టి ఏమీ కనపడదు. సంధ్యారాణి నాకేదో అయిందనుకుని భుజం పట్టుకుంది. పసుపే బంగారూ, ఇది పసుపు, మా అమ్మ పని అన్నాను. ఆ పిల్ల నోరు తెరిచింది. "అరే, హా టీచర్, మొన్న అవ్వ పక్క మంచం ఒడియా భయ్యా వేలుకు పీలా పీలా చూసిన, ఆయన పక్కోని చాదర్‌కు పెడుతుండె. నేను దవా అనుకున్న." అదీ సంగతి. అమ్మ లేవలేదు, మాట్లాడలేదు, మూతికి మాస్కు, అయినా పక్కవాడి చేతిలో డబ్బా పెట్టి సైగ చేసి ఉంటుంది, వాడు ఆ పక్కవాడికి, ఆ పక్కవాడు మరాఠీ ముసలాయనకు, మంచం మంచానికీ పసుపు డబ్బా బంతిలో నెయ్యి గిన్నెలా తిరిగి ఉంటుంది, ఒక్కరైనా ఎందుకని అడిగి ఉండరు, అడిగినా అమ్మ తెలుగులోనే చెప్పి ఉంటుంది. ఈ హాలులో ఒక్కరూ ఒట్టి తెల్లబట్ట మీద పడుకోలేదు. అమ్మ పడుకోలేదు. చదువుకున్న బిడ్డ ఓడిపోయింది, ఇంత హాయిగా నేనెప్పుడూ ఓడిపోలేదు. పద సంధ్యా, మీదికెక్కియ్యాలి, ఎండ తింటుంది దీన్ని అన్నాను. బకెట్టు చెరో పక్కా పట్టుకుని వాడీ మెట్లెక్కాం, మోకాళ్ళ నొప్పి ఏమైందో తెలియదు.

మే నెల ఎండ, డిసెంబరు ఎండ దీని ముందు ఏపాటి, కాలు కాలుతుంటే గంతులేస్తూ దుప్పట్లు ఆరేస్తున్నాం. వాడీ డాబా మీద పెళ్ళి షామియానా కట్టే తాళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. ఒక్కో దుప్పటి దులిపి వేస్తుంటే నీటి తుంపరలు ముఖం మీద పడుతున్నాయి. నవాగామ్ అంతా కనపడుతోంది, రేకుల కప్పులు, నీళ్ళ ట్యాంకులు, ఆగిన కార్ఖానాలు, దూరంగా ఎక్కడో మాత్రం ఒకటో రెండో మగ్గాలు ఆడుతున్న చప్పుడు. అప్పుడు గేటు దగ్గర అంబులెన్సు వచ్చి ఆగింది. నా చేతిలో దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. చెప్పి ఉంచానన్నాడు కదా. గంట అయిపోయిందా? దుప్పటికి పసుపు పెడితే ఊపిరితిత్తులు బాగవుతాయా, ఏ తరగతి పిల్లవాడైనా నవ్వుతాడు. అంబులెన్సు వెనక తలుపు తెరిచారు, స్ట్రెచరు దింపుతున్నారు. వద్దు. కిందికి పోవాలి. పోయి ఏం వినాలి. సంధ్యారాణి నా చేయి పట్టుకుంది.

ఈల. అదే ఈల, నమ్మండి, యాభై ఏళ్ళుగా దాచుకున్నాడు, మనుషులు గుంపు కట్టకుండా దూరం పెట్టడానికని లాక్‌డౌన్‌లో మళ్ళీ మెడలో వేసుకున్నాడు. సోమలింగం ఇప్పుడు వాడీ అధ్యక్షుడు, తెల్ల మీసాలు, గేటు దగ్గర నిలబడి తల పైకెత్తి నన్నే చూస్తున్నాడు, ఊగుతున్న తెల్లటి దుప్పట్లను చూస్తున్నాడు, ముసలాయనకు ఏం గుర్తొచ్చిందో ఏమో, నా ముఖం చూసి నవ్వించాలనుకున్నాడో ఏమో, ఇంకోసారి ఈల వేసి "లలితా, గవి దించు బిడ్డా, మీదికెల్లి విమానాలకు కనవడ్తది" అని అరిచాడు. బదులు కింద నుంచి వచ్చింది, వరండాలోంచి, పరదా బయటి నుంచి, కాస్త బొంగురుగా, కానీ గట్టిగా, గడప దాకా నడిచి వచ్చిన మనిషి గొంతు:

"ముందుగాల సూర్యునికి నల్ల కాయితం అతికించి రాపో సోమలింగం, తర్వాత నా బిడ్డ ఆరేసిన బట్ట దించుమని చెప్పు, ఆ బండోనికి గూడ చెప్పు, నేను యాడికి వస్తలేనని, జర లోచో తెప్పియ్యి."

ఎక్కడా ఆగలేదు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఒక్క ఊపిరి, మధ్యలో ఎవరికీ సందు ఇవ్వలేదు. కింద ప్రజ్వల్ ఏదో అంకె చెబుతున్నాడు పైకి చూసి, చేతులు ఊపుతూ, నేను వినలేదు, నాకు అక్కర్లేదు. డాబా మీద తడి దుప్పట్ల మధ్య చతికిలబడి ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, సంధ్యారాణి నా పక్కనే కూర్చుని ఎందుకో తెలియకుండా తనూ ఏడుస్తోంది. గేటు దగ్గర సోమలింగం ఈల వేసుకుంటూ, చేతులు అడ్డంగా ఊపుతూ, అంబులెన్సును వెనక్కి పంపిస్తున్నాడు.